ఎండకో రబ్బరు, మంచుకో రబ్బరు

మే నెల మిట్టమధ్యాహ్నం మామిడికాయ లోడుతో విస్సన్నపేట దాటిపోయే లారీ టైరు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. గాలిలో వేడి 45 డిగ్రీలుంటే తారు పైపొర 60 దాటుతుంది. ఆ తారు మీద టన్నులకొద్దీ బంగినపల్లి కాయని మోస్తూ తిరిగే రబ్బరు ఇంకా వేడెక్కుతుంది. నూజివీడు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, తిరువూరు తోటల్లో కోతలు మొదలైన దగ్గర్నుంచి తొలకరి దాకా, కాయ నున్న మార్కెట్టుకి చేరాలన్నా అక్కణ్ణించి ఢిల్లీ వెళ్లాలన్నా టైరు తట్టుకోవాల్సింది వేడినే. అందుకని మన డ్రైవర్లకి టైరు గురించి తెలిసిన సంగతుల్లో ముప్పాతిక వంతు వేడి చుట్టూనే తిరుగుతాయి. వాటిలో ఒకటి మాత్రం పచ్చి అబద్ధం: ఎండాకాలంలో గాలి కాస్త తగ్గించి నడిపితే టైరు పేలదన్నది.

గాలి తగ్గితే టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి అంగుళమూ ఒకసారి వంగి, మళ్లీ నిలబడుతుంది. వంచడానికి పెట్టిన శక్తి మొత్తాన్ని రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత తన దగ్గరే ఉంచేసుకుని వేడిగా మార్చుకుంటుంది. గాలి తగ్గించడమంటే వంపు పెంచడం, వంపు పెంచడమంటే వేడి పెంచడం. లోపలి పొరల మధ్య అతుకు ఆ వేడికి వదులై, చివరికి టైరు విడిపోతుంది. పేలుడు శబ్దం ఒక్క క్షణానిదే గాని దాని వెనక గంటల తరబడి వంగిన రబ్బరు ఉంటుంది.

పెట్టిన శక్తిలో కొంత ఉంచేసుకునే ఈ గుణం లేకపోతే టైరుకి రోడ్డు మీద పట్టే ఉండదు. ఈ అధ్యాయంలో మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

విస్సన్నపేట, నూజివీడు చుట్టుపక్కల ఊళ్లల్లో పిల్లలు మిచిగాన్‌లోనో న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్న ఇళ్లు ఇవాళ కొత్తేమీ కాదు. ఉద్యోగం కుదురుకుని, ఇల్లు కొని, ఆ తర్వాత బీఎండబ్ల్యూనో బెంజో ఆడినో లెక్ససో కొంటారు. వీడియో కాల్‌లో అబ్బాయి కారు చుట్టూ తిప్పి చూపిస్తూ "నాలుగు చక్రాలూ లాగుతాయి బాబాయ్, టైర్లు కూడా ఆల్ సీజనే, ఎంత మంచు పడినా ఇబ్బంది లేదు" అంటాడు. ఊళ్లో లారీలు తిప్పిన బాబాయి "బటన్లు ఎంత లోతున్నాయిరా?" అని టైరు గాళ్ల లోతు గురించి అడుగుతాడు. అబ్బాయి ఇచ్చిన భరోసా కన్నా బాబాయి వేసిన ప్రశ్నే అసలు సంగతికి దగ్గర. ఇద్దరికీ తోచని ప్రశ్న ఇంకొకటుంది: ఆ రబ్బరు ఎంత చలికి గట్టిపడుతుంది?

ఇది నిజానికి రబ్బరు పరిశ్రమకి ఎదురైన మొట్టమొదటి ప్రశ్న. 1830లలో అమెరికాలో రబ్బరు వస్తువుల మోజు పుట్టింది. బూట్లు, కోట్లు, సంచులు చేసి అమ్మారు. చలికాలం రాగానే అవి బిరుసెక్కి పగిలాయి, ఎండాకాలం రాగానే జిగురుగా కరిగి కంపు కొట్టాయి. కంపెనీలు దివాలా తీశాయి. ఏ కాలానికైనా తట్టుకునే రబ్బరు కోసం ఏళ్ల తరబడి అప్పుల్లో తిరిగిన చార్లెస్ గుడ్‌ఇయర్, 1839లో రబ్బరుకి గంధకం కలిపి వేడి చేస్తే అది కరగదని, చలికి అంత తొందరగా పగలదని కనిపెట్టాడు. 1844లో అమెరికా పేటెంటు వచ్చింది. టైరు అప్పటికింకా పుట్టలేదు. డన్‌లప్ గాలి టైరుకి దారి తీసింది 1888లో. అంటే అన్ని కాలాలకీ పనికొచ్చే రబ్బరు కావాలన్న కోరిక టైరు కన్నా యాభై ఏళ్లు పెద్దది.

గంధకం ఏం చేసింది? రబ్బరు అంటే చాలా పొడవైన అణు గొలుసుల చిక్కుముడి. గొలుసులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతుంటే అది జిగురు. అక్కడక్కడా గంధకంతో వాటిని ముడివేస్తే సాగి, మళ్లీ వెనక్కి వచ్చే పదార్థమవుతుంది. కాని గొలుసులు కదలడానికి వేడి కావాలి. చల్లబడుతున్నకొద్దీ కదలిక తగ్గి, ఒక దశలో గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఆ దశ దాటాక రబ్బరు రబ్బరు కాదు, గాజు జాతి పదార్థం. బెల్లం పాకం పట్టిన వాళ్లకి ఇది చేతికి తెలిసిన విషయమే: పొయ్యి మీద సాగే పాకం పళ్లెంలో చల్లారాక ఫెళ్లున విరుగుతుంది, మధ్యలో ఎక్కడో వేలికి అంటుకుని ఉండ కట్టే దశ ఒకటుంటుంది. రసాయన శాస్త్రంలో ఈ మార్పు జరిగే చోటుని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. ప్రకృతి రబ్బరుకి అది సుమారు మైనస్ 70 డిగ్రీలు. పాలీబ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరుకి మైనస్ 100 దగ్గర. కార్ల టైర్లలో ఎక్కువగా వాడే స్టైరీన్ బ్యూటడైన్ రబ్బరుకి, అందులో స్టైరీన్ పాలుని బట్టి, ఇంకా చాలా పైన ఉంటుంది.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. మిచిగాన్‌లో చలి మైనస్ 20కి పోతే గొప్ప. రబ్బరు బిగుసుకునేది మైనస్ 50లో అయితే భయమెందుకు?

కారణం వేగం. రబ్బరు మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది దాన్ని ఎంత త్వరగా కదిలిస్తున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నెమ్మదిగా లాగితే గొలుసులకి సర్దుకునే వ్యవధి ఉంటుంది. చటుక్కున కొడితే ఉండదు. బ్రేకు వేసినప్పుడు టైరు రోడ్డు మీది కంకర పొక్కుల మీదుగా రవ్వంత జారుతుంది. ఒక్కో పొక్కు మిల్లీమీటరులో పదో వంతో, అంతకన్నా చిన్నదో. వాటి మీద జారే రబ్బరు సెకనుకు వేల నుంచి లక్షల సార్లు నొక్కుకుని లేస్తుంది. అంత వేగంలో దానికి సర్దుకునే వ్యవధి దొరక్క, ఉన్నదానికన్నా పదుల డిగ్రీలు చల్లగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. సాధారణ వేసవి టైరు 5 డిగ్రీల దగ్గరే మొండికేయడం అందుకే. టైరు కంపెనీలు 7 డిగ్రీల కన్నా చలి ఉంటే శీతాకాలపు టైర్లు వేసుకోమంటాయి. ఆ అంకె ప్రచారానికి వీలుగా ఉంటుందని నా అభిప్రాయం. ఏ రబ్బరూ 8 డిగ్రీల దగ్గర బాగా పట్టి 6 దగ్గర వదిలేయదు. దిగుడు మెల్లగా మొదలవుతుంది, దాని దిశ మాత్రం అబద్ధం కాదు.

ఇప్పుడు పట్టు ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. పొక్కు మీద రబ్బరు నొక్కుకున్నప్పుడు ముందువైపు శక్తి పెడుతుంది, వెనకవైపు అంతా తిరిగి రాదు. ఆ తేడాయే వెనక్కి లాగుతుంది. లారీ టైరుని మాడ్చిన గుణమే బ్రేకు కూడా వేస్తోందన్నమాట. అయితే ఇబ్బంది చూడండి: శక్తిని బాగా ఉంచేసుకునే రబ్బరు పట్టు బాగా ఇస్తుంది గాని పెట్రోలు తాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది. తక్కువ ఉంచుకునే రబ్బరు పెట్రోలు ఆదా చేసి వర్షంలో జారుతుంది. ప్రయోగశాలల్లో దీన్ని రెండు చోట్ల కొలుస్తారు: తడి పట్టు ఎలా ఉంటుందో 0 డిగ్రీల దగ్గర, దొర్లేటప్పుడు ఎంత శక్తి వృథా అవుతుందో 60 దగ్గర. మొదటిది ఎక్కువుండాలి, రెండోది తక్కువుండాలి. చాలాకాలం రెండూ కలిసే పెరిగాయి, కలిసే తగ్గాయి.

టైరు నల్లగా ఉండడానికి కారణమైన కార్బన్ బ్లాక్ అనే మసి పొడి ఇరవయ్యో శతాబ్దం రెండో దశకం నుంచి రబ్బరుకి బలమిచ్చింది. అంతకు ముందు టైర్లు తెల్లగానే ఉండేవి. 1990ల మొదట్లో మిషెలిన్ ఆ మసిలో చాలా భాగం తీసేసి సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే అతి మెత్తని పొడిగా చేసి వాడింది. సిలికా రబ్బరుతో తనంత తాను కలవదు. మధ్యలో సిలేన్ అనే రసాయనం రెంటికీ బంధం వేయాలి. అలా వేసిన టైరు 60 డిగ్రీల దగ్గర తక్కువ శక్తి తిని, తడి మీద పట్టు పోగొట్టుకోలేదు. చలిలో మెత్తగానూ ఉంది. ఇవాళ మంచులో పనికొస్తాయని చెప్పే మంచి టైర్లన్నీ ఈ సిలికా కుటుంబంలోవే. మెత్తదనం నిలపడానికి నూనె కూడా కలుపుతారు. 2017లో గుడ్‌ఇయర్ కంపెనీ అష్యూరెన్స్ వెదర్‌రెడీ అనే టైరులో పెట్రోలియం నూనె బదులు సోయా నూనె వాడింది. సోయా రైతుల సంఘం డబ్బుతో సాగిన పరిశోధన అది.

రబ్బరు మెత్తగా ఉంటే సరిపోదు, ఎదుటి పక్షం ఏమిటో కూడా తెలియాలి. మంచు అని మనం ఒకే మాట వాడేస్తాం గాని టైరుకి అవి మూడు నాలుగు వేరు వేరు నేలలు: కొత్తగా రాలిన పొడి మంచు, బండ్లు తొక్కి గట్టిపడిన మంచు, ఉప్పు చల్లాక మిగిలే మురికి ముద్ద, నల్లగా కనిపించని గడ్డ.

వీటిలో గట్టిపడిన మంచు మీద పట్టు విచిత్రమైనది. మంచు మీద మంచు రాసుకుంటే గట్టి పట్టు ఉంటుంది. చేత్తో ఉండ చేసిన వాళ్లకి అది తెలుసు. అందుకని శీతాకాలపు టైరు గాళ్లు మంచుని బయటికి చిమ్మకుండా లోపల కూరుకుని ఉంచుకుంటాయి. ఆ మంచు రోడ్డు మీది మంచుని పట్టుకుంటుంది. వర్షాకాలపు టైరు గాళ్ల పని దీనికి సరిగ్గా ఎదురు, అవి నీటిని బయటికి తోసేయాలి. అన్ని కాలాల టైరు ఈ రెండు పనులకీ ఒకే గాళ్లని వాడాలి. పైగా గాళ్ల మధ్య దిమ్మల మీద సన్నని చీలికలు కోస్తారు. 1923లో వాటికి అమెరికాలో పేటెంటు తీసుకున్న మనిషి ఇంటిపేరు సైప్, అందుకే వాటికి సైపులన్న పేరు. ఒక్కో చీలిక ఒక్కో అంచు. దిమ్మ వంగినప్పుడు ఆ అంచులు మంచుని గీరుతాయి. రబ్బరు గట్టిపడితే దిమ్మ వంగదు, అంచు గీరదు. ఎంత అందంగా కోసినా ఆ చీలికలు అప్పుడు అలంకారమే.

గడ్డ సంగతి వేరు. 1850లోనే మైకేల్ ఫెరడే గడ్డ పైన పలుచని నీటిపొర ఉంటుందని అన్నాడు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాపిడి వేడికే గడ్డ కరిగి జారుతుందని ప్రయోగాలతో చూపించారు. రెండూ కలిపి చూస్తే చిత్రమైన ఫలితం వస్తుంది: 0 డిగ్రీలకి కాస్త కిందున్న గడ్డ, మైనస్ 20 గడ్డ కన్నా ఎక్కువ జారుతుంది. ఎముకలు కొరికే రాత్రి కన్నా, ఎండ వచ్చీరానట్టున్న ఉదయం రోడ్డు ప్రమాదకరం.

2021 ఫిబ్రవరి 11 ఉదయం టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జరిగింది అదే. గడ్డకట్టే వాన పడిన హైవే మీద 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. డాలస్ చుట్టుపక్కల ఎందరో తెలుగువాళ్లుంటారు. జనవరిలో సగటు ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలుండే ఆ ఊళ్లో శీతాకాలపు టైర్లు ఎవరు కొంటారు? కొనక్కర్లేదు కూడా. అలాంటి గడ్డ మీద మేకులు దిగగొట్టిన టైరు తప్ప మరేదీ పెద్దగా పనిచేయదు. ఆ రోజు కారు తీయకపోవడం ఒక్కటే సరైన నిర్ణయం.

ఇక ఆల్ సీజన్ అన్న మాట టైరు మీదికి ఎలా ఎక్కిందో చూద్దాం. ఫిన్లాండులో నోకియా పట్టణపు రబ్బరు కంపెనీ 1934లో లారీల కోసం, 1936లో కార్ల కోసం మంచు టైర్లు చేసింది. ఆ కార్ల టైరుకి పెట్టిన హక్కపెలిటా అనే పేరు ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో మాత్రం ఏటా రెండుసార్లు టైర్లు మార్చడం జనానికి విసుగు. 1977లో, అమెరికా తెలుగువాళ్లు తానా మొదటి సభ జరుపుకున్న ఏడాదే, గుడ్‌ఇయర్ టియెంపో అనే అన్ని కాలాల టైరు దించింది. విసుగు నుంచి పుట్టిన ఆ సరుకు పదేళ్లలో అమెరికా అంతా పాకింది. దాని పక్కన ఎం ప్లస్ ఎస్ అన్న గుర్తు ఉంటుంది, బురదకీ మంచుకీ పనికొస్తుందని చెప్పడానికి. ఆ గుర్తుకి ఏ పరీక్షా లేదు. గాళ్ల ఖాళీ టైరు ముఖంలో కనీసం 25 శాతం ఉండి, గాళ్లు అంచు దాకా వస్తే చాలు. అది కొలబద్దతో వచ్చిన గుర్తు, రబ్బరు ఎంత చలికి బిగుసుకుంటుందో దానికి తెలియదు.

ఆ లోటు తీర్చడానికి 1999లో మూడు శిఖరాల పర్వతం, అందులో మంచు పువ్వు ఉన్న గుర్తు వచ్చింది. దీనికి నిజమైన మంచు మీద పరీక్ష ఉంది. మామూలు ప్రమాణ టైరుకి 100 మార్కులనుకుంటే, కొత్త టైరు గట్టిపడిన మంచు మీద 110 తెచ్చుకోవాలి. ఇప్పుడు ప్రమాణ టైరు మారి గీత 112 అయింది. కాని ఆ పరీక్షలో చూసేది బండి ముందుకి ఎంత బలంగా లాగుతుందన్నది మాత్రమే. ఆగడం చూడరు, మలుపు చూడరు, గడ్డ చూడరు. ఈ గుర్తు ఉన్న టైరు లేనిదాని కన్నా మంచులో నయమన్నది నిజమే. ఈ గుర్తున్న రెండు టైర్లు సమానమన్నది మాత్రం నమ్మొద్దు.

ఈ శిఖరాల గుర్తుతో పాటు ఏడాదంతా నడిపే టైర్లు కూడా ఉన్నాయి. వాటిని ఆల్ వెదర్ అంటున్నారు. 2015లో యూరప్‌లో మొదలైన మిషెలిన్ క్రాస్‌క్లైమేట్, నోకియన్ డబ్ల్యూఆర్ వరస, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్ ఈ కోవలోవి. డచ్ కంపెనీ వ్రెడెస్టీన్ క్వాట్రాక్ పేరుతో చేసేది కూడా. ఆ వ్రెడెస్టీన్‌ని 2009లో కొన్నది మన అపోలో టైర్స్. అదే అపోలోకి సత్యవేడు దగ్గర చిన్నపండూరులో 2020 నుంచి ఫ్యాక్టరీ నడుస్తోంది. మంచు ఎరగని మన రాష్ట్రానికి మంచు టైర్ల ప్రపంచంతో ఉన్న చుట్టరికం అది.

పెద్ద సెడాన్‌కి టైరు ఎంచుకోవడం మామూలు కారు కన్నా ఎందుకు కష్టమంటే, ఆ కారుని మంచు కోసం తీర్చిదిద్దలేదు. 1,800 కిలోల కారు, ఒక్కో టైరులో 33 పీఎస్‌ఐ గాలి అనుకోండి. ఒక్కో టైరు రోడ్డుని తాకే మేర సుమారు 190 చదరపు సెంటీమీటర్లు. నాలుగూ కలిపి ఒక ఎ4 కాగితం కన్నా కాస్త పెద్దది. వెడల్పు టైరు వేస్తే ఎక్కువ రబ్బరు నేలని తాకుతుందని చాలామంది అనుకుంటారు. గాలి అంతే ఉంటే విస్తీర్ణం దాదాపు అంతే ఉంటుంది. ఆకారం మారుతుంది: పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది. వెడల్పు మడమతో మంచులోకి దిగే టైరు ముందర ఎక్కువ మంచుని తోసుకుపోవాలి. సన్నని టైరు దాన్ని కోసుకుంటూ కిందికి దిగుతుంది. షోరూములో 19, 20 అంగుళాల రిమ్ములు మెరుస్తాయి, వాటి మీద టైరు పక్కగోడ రెండు వేళ్లంతే ఉంటుంది. మార్చిలో మంచు కరిగి రోడ్లు గుంతలు పడ్డాక ఆ రిమ్ములే ముందు వంగుతాయి. కారు పుస్తకం ఒప్పుకుంటే శీతాకాలానికి 17 లేదా 18 అంగుళాల రిమ్ము, దానికి తగ్గ సన్నని, ఎత్తైన టైరు వేయడం తెలివైన పని. బ్రేకు డిస్కులు పెద్దవైతే చిన్న రిమ్ము పట్టదు, అది ముందే చూసుకోవాలి.

స్పోర్ట్ ప్యాకేజీతో కొన్నవాళ్లు టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ కూడా లేదని గమనించాలి. అవి అచ్చమైన వేసవి టైర్లు. మైనస్ 7 కన్నా చలిలో వాటిని కదిలించొద్దని, రబ్బరు చీలుతుందని కంపెనీలే రాస్తాయి. కొన్ని బీఎండబ్ల్యూ, బెంజి మోడళ్లలో వెనక టైర్లు ముందువాటి కన్నా వెడల్పు. అప్పుడు ముందూ వెనకా మార్చి అరుగుదల సమం చేసుకునే వీలుండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్ల పక్కగోడ మందంగా ఉంటుంది, వాటిలో ఎంపిక కూడా తక్కువే. స్టెప్నీ లేని కారుకి మామూలు టైర్లు వేస్తే పంపూ పంచరు కిట్టూ డిక్కీలో పెట్టుకోక తప్పదు. బరువు సూచికా వేగ అక్షరమూ కారు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నదానికి తక్కువ కాకూడదు. 95 అంటే టైరుకి 690 కిలోలు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, వి అంటే 240. శీతాకాలపు టైర్లకి వేగ అక్షరం ఒక మెట్టు తగ్గినా చాలాచోట్ల ఒప్పుకుంటారు. బరువు దగ్గర మాత్రం తగ్గకూడదు.

నాలుగు చక్రాలూ లాగే కారు గురించి అబ్బాయి చెప్పిన భరోసాకి వద్దాం. ఇంజను నాలుగు చక్రాలకీ బలం పంచితే కారు మంచులోంచి కదలడం సులువవుతుంది, అది నిజమే. కాని బ్రేకు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకే ఉంటుంది. అక్కడ ఆడి క్వాట్రో అయినా బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ అయినా పాత మారుతి కన్నా అదనంగా సంపాదించిందేమీ లేదు. ఆగే దూరం లెక్కలో కారు బరువు కూడా కొట్టివేయబడుతుంది, కాబట్టి బరువైన కారు మంచుని గట్టిగా పట్టుకుంటుందన్నది ఊహే. మిగిలేది రెండు: వేగం, రాపిడి గుణకం. గంటకి 50 కిలోమీటర్ల మీద ఎండు తారు అయితే (గుణకం 0.8) సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద మామూలు ఆల్ సీజన్ టైరుకి గుణకం 0.2 అనుకుంటే 49 మీటర్లు. శీతాకాలపు టైరుకి 0.3 అనుకుంటే 33. తేడా 16 మీటర్లే కదా అనిపిస్తుంది. శీతాకాలపు టైర్ల కారు పూర్తిగా ఆగిన చోట, రెండో కారు ఇంకా గంటకి 29 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. బడి బస్సు ముందు నిలబడ్డ పిల్లకి ఆ 29 అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సులువుగా కదిలే కారు డ్రైవరుకి రోడ్డు బాగానే ఉందన్న భ్రమ ఇస్తుంది, దాంతో వేగం పెరుగుతుంది. నా మటుకు నేను, మంచి టైర్లున్న రెండు చక్రాల లాగుడు కారునే నమ్ముతాను.

గాలి సంగతి ఎండాకాలంలో చెప్పుకున్నదే, తిరగేసి చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్‌ఐ కొట్టించిన టైరు, విస్సన్నపేట 45 డిగ్రీల్లో నిలబెడితే సుమారు 36 చూపిస్తుంది. అదే టైరు మైనస్ 15 రాత్రి బయట ఉంటే 26.6కి దిగుతుంది, ఎక్కడా లీకు లేకుండానే. అమెరికాలో 2008 మోడల్ నుంచి ప్రతి కారుకీ గాలి హెచ్చరిక దీపం తప్పనిసరి. అది వెలిగేది సిఫార్సు చేసిన గాలి 25 శాతం తగ్గాకే, అంటే ఇక్కడ 24.75 దగ్గర. వారాల తరబడి దీపం వెలగకుండానే తక్కువ గాలితో తిరగొచ్చు. నాసాలో విమానాల టైర్ల కోసం 1963లో వాల్టర్ హార్న్ తేల్చిన సూత్రం ప్రకారం నీళ్ల మీద టైరు తేలిపోయే వేగం గాలి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది: 33 దగ్గర గంటకి 96 కిలోమీటర్లు, 26.6 దగ్గర 86. ఉప్పు చల్లిన మురికి ముద్ద మీద ఈ పది కిలోమీటర్లు తేలిగ్గా ఖర్చవుతాయి. కనుక నవంబరు మొదటి చలిలో, కారు కదలకముందు, తలుపు చీటీలో ఉన్న అంకె దాకా కొట్టించాలి. పక్కగోడ మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి, ఆ దాకా నింపేయకూడదు.

ఏం కొనాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. డాలస్, అట్లాంటా వాళ్లకి మంచి ఆల్ సీజన్ చాలు. న్యూజెర్సీ, వాషింగ్టన్ వాళ్లకి శిఖరాల గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు సరిగ్గా సరిపోతాయి. మునిసిపాలిటీ రోడ్డు శుభ్రం చేసేదాకా ఒక పూట ఆగగలిగితే మరీను. జనవరి సగటు మైనస్ 3, 4 ఉండే డెట్రాయిట్ దగ్గర నోవైలోనో ట్రాయ్‌లోనో ఉండేవాళ్లు రెండు మనసులతో ఉంటారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లయితే ఆల్ వెదర్‌తో గడుస్తుంది. తెల్లవారుజాము షిఫ్టుకి హైవే ఎక్కే డాక్టరుకి, నర్సుకి గడవదు. జనవరి సగటు మైనస్ 9 ఉండే మినియాపోలిస్‌లో రెండు సెట్లు ఉంచుకోవడమే పద్ధతి. క్యూబెక్‌లో ఇది ఇష్టాయిష్టాల మాట కాదు, డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శిఖరాల గుర్తున్న టైర్లు చట్టం. జర్మనీలో కూడా మంచు రోడ్ల మీద 2024 అక్టోబరు నుంచి ఆ గుర్తు లేకుండా కుదరదు.

రెండు సెట్లంటే రెట్టింపు ఖర్చని భయపడతారు. ఒక సెట్టు రోడ్డు మీదున్నప్పుడు రెండోది గ్యారేజీలో అరగకుండా కూర్చుంటుంది. ఖర్చయ్యేది రెండో రిమ్ములకీ, ఏడాదికి రెండుసార్లు మార్పించడానికీ. టైర్లు రెండే మార్చడం మాత్రం పనికిరాదు. ముందు మంచు టైర్లు, వెనక వేసవి టైర్లు ఉంటే మలుపులో వెనక భాగం ముందుకి తిరిగిపోతుంది.

చివరగా బాబాయి అడిగిన బటన్ల లోతు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లోనూ మన దేశంలోనూ కార్లకి చట్టం ఒప్పుకునే కనీసం 1.6 మిల్లీమీటర్లు. వర్షానికే అది బొటాబొటి. మంచుకి 4 మిల్లీమీటర్లు లేకపోతే గాళ్లలో మంచు నిలవదు, సైపులు కూడా అప్పటికి చాలావాటిలో అడుగంటుతాయి. కొత్త ఆల్ సీజన్ టైరు ఏడెనిమిది మిల్లీమీటర్లతో వస్తుంది కాబట్టి, మంచు లెక్కలో దాని జీవితం సగం అరిగేసరికే అయిపోతుంది. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారమూ ఏడాదీ చెబుతాయి: 3524 అంటే 2024లో 35వ వారం. నూనెలు ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చేస్తాయి, రబ్బరు గాలికి బిరుసెక్కుతుంది, లోతు మిగిలినా మెత్తదనం మిగలదు. నాలుగు మిల్లీమీటర్లకి దిగిన శీతాకాలపు టైర్లని పారేయడం ఇష్టంలేక ఆ వేసవంతా నడిపి అరగదీసే వాళ్లున్నారు. చలికి మెత్తగా ఉండేలా కలిపిన రబ్బరు జూలై తారు మీద ఇంకా మెత్తబడి, బ్రేకు వేస్తే దిమ్మలు వంగిపోయి, వేసవి టైరు కన్నా చాలా దూరం పోయి ఆగుతుంది. ఏప్రిల్‌లో విప్పేసిన ఆ టైర్లని మళ్లీ బిగించకుండా రీసైక్లింగుకి ఇచ్చేయడమే మంచిది.